అనుదిన ధ్యానం (క్రైస్తవ సంప్రదాయం)

అనుదిన ధ్యానం అనగా క్రైస్తవ విశ్వాసి ప్రతిదినము నియమిత సమయంలో బైబిలులోని కొంత భాగాన్ని చదివి లేదా విని, దానిని మనసులో నెమరు వేసుకొని, దాని వెలుగులో తన జీవితాన్ని పరిశీలించుకొని ప్రార్థించే ఆచారం. ఇది ఆదివారపు సామూహిక ఆరాధనకు భిన్నమైనది. దీనికి గురువు గానీ, మందిరం గానీ, పూజాద్రవ్యాలు గానీ తప్పనిసరి కావు. ఒంటరిగాను, కుటుంబంతో కలిసి కూడా దీనిని ఆచరించవచ్చును. తెలుగు క్రైస్తవులు దీనిని ఏకాంత ప్రార్థన, వాక్య ధ్యానం, మౌన ధ్యానం, వేకువ ప్రార్థన, కుటుంబ ప్రార్థన మొదలగు పేర్లతో పిలుస్తారు. విద్యార్థి సంఘాలలో "క్వైట్ టైమ్" అనే మాట కూడా వాడుకలో ఉన్నది.

ఈ వ్యాసంలో అనుదిన ధ్యానపు మూలాలు, పద్ధతులతో పాటు, దక్షిణ తెలంగాణలోని పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలలో ఈ ఆచారం ఏ విధంగా ప్రవేశించి నిలదొక్కుకున్నదో వివరించబడినది. ఈ రెండు జిల్లాలు 2016 అక్టోబరు 11న పునర్వ్యవస్థీకరించబడ్డాయి. నల్లగొండ నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, మహబూబ్‌నగర్ నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. నారాయణపేట జిల్లా 2019లో ఏర్పడినది.

పదాలు, వాటి అర్థాలు

"ధ్యానము" సంస్కృత పదం. భారతీయ సంప్రదాయంలో ఇది యోగశాస్త్రానికి సంబంధించిన మాట. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాలలో ఇది ఏడవది. బైబిలును తెలుగు చేసినవారు ఈ పదాన్నే స్వీకరించినప్పటికీ, మూలభాషలోని భావం కొంత వేరుగా ఉన్నది. మొదటి కీర్తన రెండవ వచనంలోను, యెహోషువ గ్రంథం మొదటి అధ్యాయం ఎనిమిదవ వచనంలోను ఉన్న హెబ్రీ క్రియ "హాగా". దీనికి గొణుగుట, నోటిలో మెల్లగా పలుకుట అని అర్థం. యెషయా గ్రంథంలో సింహపు గర్జనకు, పావురపు మూలుగుకు కూడా ఇదే క్రియ వాడబడినది. కావున బైబిలు చెప్పే ధ్యానం మొదటినుండి పెదవులతో, చెవితో ముడిపడినది. వాక్యాన్ని తనకు తాను వినిపించుకోవడమే దాని స్వరూపం. చదువు రానివారి ధ్యానాన్ని అర్థం చేసుకొనడానికి ఈ విషయం ముఖ్యమైనది.

తెలుగు క్రైస్తవుల భాషలో మరొక ప్రత్యేకమైన మాట "కనిపెట్టుట". నేటి వ్యావహారిక భాషలో ఈ మాటకు కొత్తదానిని కనుగొనుట అనే అర్థం ఎక్కువగా వ్యాప్తిలో ఉన్నది. కాని తెలుగు బైబిలులో దీనికి ఎదురుచూచుట, కాచుకొని ఉండుట అని అర్థం. దేవుని సన్నిధిలో మౌనంగా వేచి ఉండడాన్ని "కనిపెట్టడం" అంటారు. అదే విధంగా "విజ్ఞాపన" అంటే ఇతరుల కొరకు చేసే ప్రార్థన, "ఒప్పుకోలు" అంటే తన పాపాలను దేవుని యెదుట అంగీకరించడం, "సాక్ష్యం" అంటే తన అనుభవాన్ని పదిమందిలో చెప్పడం అని అర్థం చేసుకోవాలి.

బైబిలులో ఆధారాలు

అనుదిన ధ్యానానికి ప్రమాణంగా క్రైస్తవులు బైబిలులోని అనేక సందర్భాలను పేర్కొంటారు. వాటిలో ముఖ్యమైనవి:

* ఇస్సాకు సాయంకాలం పొలానికి వెళ్ళి ధ్యానించాడని ఆదికాండం (24:63) చెబుతుంది.
* దానియేలు బబులోను చెరలో ఉండి కూడా దినానికి మూడు మార్లు మోకాళ్ళూని ప్రార్థించాడు (దానియేలు 6:10). రాజశాసనం దీనిని నిషేధించిన తరువాత కూడా అతడు మానలేదు.
* యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి నిర్జన ప్రదేశానికి వెళ్ళి ప్రార్థించేవాడని మార్కు సువార్త (1:35) ద్వారా తెలుస్తున్నది. వేకువ ప్రార్థనకు ఇదే ప్రధాన ఆధారం.
* మరియ తాను విన్న సంగతులను హృదయంలో ఉంచుకొని తలపోసుకొన్నదని లూకా సువార్త (2:19) చెబుతుంది.
* ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొనమని యేసు బోధించాడు (మత్తయి 6:6). ఇతరులు చూడాలని చేసే ప్రార్థనను ఖండించిన సందర్భంలో ఈ బోధ వస్తుంది.

చరిత్ర

ఆదిమ సంఘం, మఠాలు

యూదులలో దినానికి కొన్ని నియమిత వేళలలో ప్రార్థించే అలవాటు ఉండేది. తొలి క్రైస్తవులు దానిని కొనసాగించారు. ఆదిమ సంఘపు బోధనా గ్రంథమైన "దిదకే" ప్రభువు ప్రార్థనను రోజుకు మూడు మార్లు చెప్పాలని విధించినది. మూడు, నాలుగు శతాబ్దాలలో ఐగుప్తు (ఈజిప్టు) ఎడారిలో అంతోని మొదలగు తాపసులు కీర్తనలను కంఠస్థం చేసి, చాపలు, బుట్టలు అల్లుతూ వాటిని వల్లించుకునేవారు. చేతికి పని, నోటికి వాక్యం అన్నది వారి పద్ధతి.

ఇటలీకి చెందిన బెనెడిక్టు (సుమారు 480-547) తన మఠ నియమావళిలో శారీరక శ్రమకు, ప్రార్థనకు, పవిత్ర పఠనానికి వేర్వేరు వేళలు కేటాయించాడు. 12వ శతాబ్దానికి చెందిన రెండవ గీగో అనే కార్తూసియన్ సన్న్యాసి ఈ పవిత్ర పఠనాన్ని నాలుగు మెట్ల నిచ్చెనగా వర్ణించాడు. పఠనం, మననం, ప్రార్థన, దర్శనం అనేవి ఆ నాలుగు మెట్లు. పఠనంలో వాక్యాన్ని నోటిలో పెట్టుకోవడం, మననంలో నమలడం, ప్రార్థనలో రుచి కొరకు అడగడం, దర్శనంలో ఆ రుచిని అనుభవించడం జరుగుతుందని ఆయన భోజనంతో పోల్చాడు. లాటిను భాషలో దీనిని "లెక్సియో దివీనా" అంటారు.

ఇగ్నేషియస్ లొయోలా

యేసు సభ (జెసూట్లు) స్థాపకుడైన ఇగ్నేషియస్ లొయోలా (1491-1556) రచించిన "ఆధ్యాత్మిక సాధనలు" అనే గ్రంథానికి 1548లో మూడవ పాల్ పోపు ఆమోదం లభించినది. సువార్తలోని ఒక ఘట్టాన్ని కళ్ళకు కట్టినట్లు ఊహించుకొని, అందులో తాను కూడా ఒక పాత్రగా నిలబడి చూడడం ఇందులోని ఒక పద్ధతి. మరొక పద్ధతి దినాంత ఆత్మపరిశీలన. దీనిలో ఐదు అంగాలు ఉన్నాయి: పొందిన మేళ్ళకు కృతజ్ఞత చెప్పడం, తప్పులను గుర్తించే వెలుగు కొరకు వేడుకోవడం, గడచిన దినాన్ని గంట గంటగా పరిశీలించుకోవడం, క్షమాపణ అడగడం, దిద్దుకొనడానికి నిశ్చయించుకోవడం.

సంస్కరణోద్యమం, భక్తి ఉద్యమం

16వ శతాబ్దపు మత సంస్కరణల తరువాత బైబిలు ప్రజల భాషలలోకి రావడంతో ధ్యానం మఠాల నుండి ఇళ్ళలోకి వచ్చినది. మార్టిన్ లూథర్ 1535లో తన మంగలి అయిన పీటర్‌కు ప్రార్థించే విధానాన్ని వివరిస్తూ ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. ఒక్కొక్క ఆజ్ఞను తీసుకొని, అది నేర్పే పాఠం, దానికై కృతజ్ఞత, దాని విషయంలో ఒప్పుకోలు, దానిని గురించిన ప్రార్థన అని నాలుగు పేటల దండగా అల్లుకోవాలని అందులో సూచించాడు. మంచి మంగలి తన దృష్టిని కత్తిపై నిలిపినట్లుగా ప్రార్థించేవాడు మనసును నిలపాలని ఉపమానం చెప్పాడు.

17, 18 శతాబ్దాలలో జర్మనీలో వ్యాపించిన పయటిస్టు (భక్తి) ఉద్యమం ఇళ్ళలో చిన్న చిన్న బృందాలుగా కూడి బైబిలు చదవడాన్ని ప్రోత్సహించినది. హెర్న్‌హుట్ లోని మొరేవియన్ సంఘం ప్రతిదినానికి ఒక వచనాన్ని ఎంచి ఇచ్చే పద్ధతిని ప్రారంభించి, 1731 నుండి దానిని పుస్తకంగా ముద్రిస్తున్నది. దక్షిణ రష్యాలో (నేటి ఉక్రెయిన్) స్థిరపడిన జర్మను భాషీయులైన మెన్నోనైట్లలో ఎడ్వర్డ్ వూస్ట్ (1818-1859) బోధల ద్వారా ఈ భక్తి ఉద్యమం వ్యాపించినది. దాని ఫలితంగా 1860 జనవరిలో మెన్నోనైట్ బ్రెదరన్ సంఘం ఏర్పడినది. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల క్రైస్తవ చరిత్రకు ఈ సంఘంతో దగ్గర సంబంధం ఉన్నది.

నల్లగొండ, పాలమూరు ప్రాంతాలకు రాక

అమెరికను బాప్టిస్టు మిషను 1840లో నెల్లూరులో పని ప్రారంభించి, 1870వ దశకంలో నిజాం రాజ్యంలోకి విస్తరించినది. ఎల్బర్ట్ చూట్ 1885లో పాలమూరులో (మహబూబ్‌నగర్) మిషను కేంద్రాన్ని నెలకొల్పాడు. రష్యాలోని మెన్నోనైట్ బ్రెదరన్ సంఘానికి చెందిన అబ్రహాం ఫ్రీసెన్, మరియా ఫ్రీసెన్ దంపతులు 1889లో బయలుదేరి వచ్చి, బాప్టిస్టు మిషను సహకారంతో 1890లో నల్లగొండలో పని ప్రారంభించారు. ఉత్తర అమెరికాకు చెందిన మెన్నోనైట్ బ్రెదరన్ మిషనరీలు 1899 నుండి రాసాగారు. ఆ తరువాతి దశాబ్దాలలో హైదరాబాదు, నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, శంషాబాద్, కల్వకుర్తి, గద్వాల, నారాయణపేట మొదలగు చోట్ల వారి కేంద్రాలు వెలిశాయి. మహబూబ్‌నగర్ కేంద్రం 1937లో బాప్టిస్టుల నుండి మెన్నోనైట్ బ్రెదరన్ మిషనుకు మారినది. జడ్చర్లలోని ఆసుపత్రి, శంషాబాద్‌లోని బైబిలు పాఠశాల ఈ మిషను సంస్థలే.

ఈ సంఘాలలో చేరినవారిలో అత్యధికులు మాదిగ, మాల కులాలకు చెందిన వ్యవసాయ కూలీలు. నాటి నిజాం రాజ్యంలో వెట్టిచాకిరి అమలులో ఉండేది. వెట్టి చేసేవారికి తమ వేళ తమ చేతిలో ఉండదు. దొర, పటేలు లేదా సర్కారు మనిషి పిలిచినప్పుడు చేతిలో పని విడిచి పోవలసినదే. ఇటువంటి స్థితిలో దినంలో ఒక గడియను తనదిగా ఎంచుకోవడం, ఆ గడియలో ఎవరి పిలుపుకూ లోబడకపోవడం అన్నవి కేవలం ఆధ్యాత్మిక విషయాలు కావు. వేకువజామున, అనగా పిలుపు రాక ముందే ప్రార్థించడం ఈ ప్రాంతపు పరిస్థితులకు సరిపడిన పద్ధతి. దైవారాధన కొరకు గుడిలోనికి అడుగుపెట్టే హక్కు లేని జనానికి మధ్యవర్తి లేకుండా తమ ఇంటిలోనే దేవునితో మాట్లాడవచ్చునన్న బోధ ఎంత కొత్తదో ఊహించవచ్చును.

ఇళ్ళ విషయం కూడా ఇక్కడ గమనించదగినది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొనమన్న బోధను అక్షరాలా పాటించడం ఒకే గది గల గుడిసెలో సాధ్యం కాదు. తెలుగు క్రైస్తవ స్త్రీలు ప్రార్థించేటప్పుడు తలపై కొంగు కప్పుకొనే ఆచారం కలదు. ఇది పౌలు పత్రికలోని బోధను అనుసరించినదైనప్పటికీ, నలుగురి మధ్య ఉన్నప్పుడు ఆ కొంగే గదిగా పనికివచ్చినదని చెప్పవచ్చును. పొలం గట్టు, బావి గడ్డ, ఊరి బయటి గుట్ట కూడా ఏకాంత స్థలాలుగా ఉపయోగపడ్డాయి.

చదువు రానివారి ధ్యానం

అనుదిన ధ్యానాన్ని గురించిన పుస్తకాలు సాధారణంగా పాఠకుని చేతిలో బైబిలు ఉన్నదని, అతనికి చదవడం వచ్చునని భావించి వ్రాయబడతాయి. దక్షిణ తెలంగాణలో ఈ రెండూ చాలాకాలం అరుదు. 2001 జనాభా లెక్కల ప్రకారం మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 44 శాతం. 2011లో అది సుమారు 55 శాతానికి పెరిగినప్పటికీ, నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలో అదే కనిష్ఠం. భాష కూడా ఒక అడ్డంకియే. తెలుగు బైబిలు బ్రిటిషు పాలనలోని మద్రాసు రాజధాని ప్రాంతంలో, గ్రాంథిక భాషలో రూపొందినది. నిజాం రాజ్యంలో పరిపాలన, పాఠశాల విద్య ప్రధానంగా ఉర్దూలో సాగేవి. అందువలన చదువుకున్నవారికి సైతం బైబిలు తెలుగు పరాయిదిగా తోచే అవకాశం ఉండేది.

ఈ లోటును పూరించిన మార్గాలు ప్రధానంగా నాలుగు:

# కంఠత వాక్యం: ఆదివారపు బడిలో ప్రతివారం ఒక వచనాన్ని కంఠస్థం చేయించడం. దీనిని బంగారు వాక్యమని కూడా అంటారు. వారమంతా ఆ ఒక్క వచనమే ధ్యానానికి ఆధారం.
# బైబిలు స్త్రీలు: మిషనుల వారు శిక్షణ ఇచ్చిన స్థానిక మహిళలు. వీరు ఇంటింటికి తిరిగి స్త్రీలకు కథలు, వచనాలు, ప్రార్థనలు నోటి ద్వారా నేర్పేవారు.
# కీర్తనలు: పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలగు కవులు కర్ణాటక రాగతాళాలలో రచించిన పాటలు "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" అనే సంకలనం ద్వారా అన్ని ప్రొటెస్టెంటు సంఘాలకు చేరాయి. కీర్తన నోటికి వస్తే అందులోని వాక్యభావం కూడా నోటికి వచ్చినట్లే.
# కుటుంబ ప్రార్థన: బడికి వెళ్ళే పిల్లవాడు చదువుతుంటే పెద్దలు వినడం. ఈ విధంగా పిల్లల చదువు తల్లిదండ్రులకు ఉపకరించేది. కుటుంబంలో మొదటి తరం అక్షరాస్యులకు ఇంటిలోనే ఒక గౌరవస్థానం ఏర్పడినది.

పైన చెప్పిన "హాగా" అనే పదం యొక్క అర్థాన్ని బట్టి చూస్తే, నాట్లు వేస్తూనో, కలుపు తీస్తూనో ఒక వచనాన్ని లేదా పాటను పదే పదే పలుకుకొనే వ్యవసాయ కూలీ స్త్రీ ధ్యానం పుస్తకం ముందు కూర్చున్నవారి ధ్యానానికి తీసిపోదు. అది మూలార్థానికి మరింత దగ్గరగా ఉన్నదని కూడా వాదించవచ్చును. 21వ శతాబ్దంలో చరవాణి (మొబైల్ ఫోను) ద్వారా బైబిలు శ్రవణ రూపంలో అందుబాటులోకి రావడంతో ఈ శ్రవణ సంప్రదాయానికి కొత్త సాధనం లభించినది.

సాధారణ ఆచరణ విధానం

ప్రొటెస్టెంటు సంఘాలలో ప్రచారంలో ఉన్న పద్ధతి స్థూలంగా ఈ విధంగా ఉంటుంది. కాలపరిమితి పదిహేను నిమిషాల నుండి ఒక గంట వరకు ఉండవచ్చును.

# సమయం, స్థలం నిర్ణయించుకోవడం. ప్రతిదినము ఒకే వేళ, ఒకే చోటు ఉంటే అలవాటు త్వరగా నిలుస్తుంది.
# కొద్దిసేపు మౌనంగా ఉండి, వాక్యం అర్థమగుటకు సహాయం కోరుతూ చిన్న ప్రార్థన చేయడం.
# బైబిలులో ఒక చిన్న భాగాన్ని నెమ్మదిగా, వీలైతే పైకి, రెండు మార్లు చదవడం.
# ప్రశ్నలు వేసుకోవడం: ఇందులో దేవుని గురించి ఏమి తెలుస్తున్నది? పాటించవలసిన ఆజ్ఞ ఉన్నదా? నమ్మదగిన వాగ్దానం ఉన్నదా? విడువవలసిన తప్పు, అనుసరించదగిన మాదిరి ఉన్నవా?
# గ్రహించిన దానిని ఒకటి రెండు వాక్యాలలో నోటు పుస్తకంలో వ్రాసుకోవడం.
# ప్రార్థించడం. ఆరాధన, ఒప్పుకోలు, కృతజ్ఞత, విజ్ఞాపన అనే క్రమం విస్తృతంగా వాడుకలో ఉన్నది.
# ఆ దినాన చేయవలసిన ఒక పనిని నిశ్చయించుకోవడం.

పఠనానికి వివిధ ప్రణాళికలు ఉన్నాయి. ప్రొటెస్టెంటు బైబిలులో 66 గ్రంథాలు, 1,189 అధ్యాయాలు ఉన్నాయి. కావున దినానికి మూడు లేదా నాలుగు అధ్యాయాలు చదివితే ఒక సంవత్సరంలో పూర్తి అవుతుంది. స్కాట్లండు బోధకుడు రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో రూపొందించిన ప్రణాళికలో సంవత్సరానికి పాత నిబంధన ఒకమారు, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి మార్లు పూర్తి అవుతాయి. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు ఉన్నందున తేదీని బట్టి దినానికొక అధ్యాయం చదివే అలవాటు కూడా కలదు.

ఈస్టరుకు ముందు వచ్చే నలుబది దినాలలో శ్రమకాల ధ్యానాలు జరుగుతాయి. కొన్ని సంఘాలలో ఈ దినాలలో సాయంకాలం ఒక్కొక్క ఇంటిలో కూడి క్రీస్తు శ్రమలను ధ్యానిస్తారు. వ్యక్తిగత ధ్యానం సామూహిక ధ్యానంగా మారే సందర్భమిది.

కతోలిక సంప్రదాయం

నల్లగొండ కతోలిక మేత్రాసనం 1976 మే 31న ఏర్పడినది. కతోలికుల అనుదిన భక్తిలో బైబిలు పఠనంతో పాటు నిర్ణీత జపాలకు ముఖ్యస్థానం ఉన్నది. ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం గంట మ్రోగినప్పుడు చెప్పే త్రికాల జపం పొలంలో పనిచేసేవారికి కూడా దినాన్ని మూడు భాగాలుగా విభజించి చూపేది. జపమాలలో పరలోక జపం, మంగళవార్త జపం వల్లిస్తూ క్రీస్తు జీవితంలోని ఘట్టాలను ధ్యానిస్తారు. వీటిని దేవ రహస్యాలంటారు. సంతోష, దుఃఖ, మహిమ రహస్యాలకు తోడుగా 2002లో రెండవ జాన్ పాల్ పోపు వెలుగు రహస్యాలను చేర్చాడు. అక్టోబరు నెల జపమాల మాసంగా పాటించబడుతుంది. చదువు రానివారికి జపమాల పూసలే పుస్తకమని చెప్పవచ్చును.

రెండవ వాటికన్ మహాసభ (1962-1965) తరువాత ఈ ఆచారంలో పెద్ద మార్పు వచ్చినది. పూజలు మాతృభాషలలోకి వచ్చాయి. 1965 నవంబరు 18న వెలువడిన దైవావిష్కరణ పత్రం విశ్వాసులందరూ తరచుగా బైబిలు చదవాలని, ఆ పఠనానికి ప్రార్థన తోడుగా ఉండాలని కోరినది. యేసు సభకు చెందిన ఫాదర్ పూదోట జోజయ్య బైబిలును కతోలికుల కొరకు తెలుగు చేయడమే గాక, సరళమైన తెలుగులో బైబిలు భాష్య గ్రంథాలను విస్తారంగా వ్రాశాడు. కతోలిక బైబిలులో 73 గ్రంథాలు ఉంటాయి.

తెలుగునాట స్వతంత్ర ధోరణులు

విదేశీ మిషనులతో సంబంధం లేకుండా తెలుగునాట బయలుదేరిన రెండు ఉద్యమాలు అనుదిన ధ్యానంపై విశేష ప్రభావం చూపాయి.

* బైబిలు మిషను: లూథరను సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు (మరణం 1960) 1938లో దీనిని స్థాపించాడు. ఇందులో దైవ సన్నిధిలో మౌనంగా కనిపెట్టడానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. దీనికై కూడే కూటాలను సన్నిధి కూటాలంటారు. మాటలతో నిండిన ప్రార్థన కన్నా వినడానికి సిద్ధపడిన మౌనం ముఖ్యమన్నది దీని సారాంశం.
* బక్త్ సింగ్ సహవాసాలు: పంజాబులో సిక్కు కుటుంబంలో జన్మించిన బక్త్ సింగ్ (1903-2000) 1950లో హైదరాబాదులో "హెబ్రోను" కేంద్రాన్ని నెలకొల్పాడు. వేకువనే లేచి మోకాళ్ళపై బైబిలు చదవడం, ప్రతి నిర్ణయానికి ముందు ప్రార్థించడం ఈ సహవాసాలలో ప్రధాన క్రమశిక్షణ.

1954లో ఏర్పడిన యూనియన్ ఆఫ్ ఎవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా కళాశాల విద్యార్థులలో వ్యక్తిగత ధ్యానాన్ని ప్రచారం చేసినది.

ధ్యాన గ్రంథాలలో తెలుగు పాఠకులకు సుపరిచితమైనది "ఎడారిలో సెలయేర్లు". ఇది లెటీ కౌమన్ 1925లో ఆంగ్లంలో ప్రచురించిన గ్రంథానికి అనువాదం. రోగపీడితుడైన భర్తకు సేవచేసిన కాలంలో తనకు ఆదరణనిచ్చిన రచనలను ఆమె సంవత్సరంలోని దినాలకు తగినట్లు కూర్చినది. కరువుకు, ఎండకు అలవాటుపడిన మెట్ట ప్రాంతాల పాఠకులకు ఆ పేరే ఆకర్షణీయమనడంలో సందేహం లేదు.

వలస జీవితం, ధ్యానం

పాలమూరు జిల్లా వలసలకు పేరుపొందినది. వర్షాభావం, సాగునీటి కొరత, భూమిలేమి కారణాలుగా ఇక్కడి కూలీలు గుంపు మేస్త్రీల ద్వారా దేశంలోని వివిధ ప్రాంతాలకు ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, భవనాల నిర్మాణ పనులకు వెళ్ళేవారు. "పాలమూరు లేబర్" అన్న పేరు దేశమంతటా తెలిసినదే. నెలల తరబడి గ్రామానికి దూరంగా ఉన్నవారికి సంఘం, కాపరి, ఆదివారపు ఆరాధన అందుబాటులో ఉండవు. అటువంటప్పుడు వెంట తీసుకొనిపోగల మతాచారం అనుదిన ప్రార్థన ఒక్కటే. కంఠత వాక్యానికి, పాటకు సామాను బరువు లేదు. అందుచేతనే ఈ ప్రాంతంలో ఈ ఆచారం కేవలం వ్యక్తిగత అభిరుచి కాక, విశ్వాసం నిలుపుకొనడానికి అవసరమైన సాధనమైనది.

మరొక వైపు పని వేళల ఒత్తిడి కూడా వాస్తవమే. తెల్లవారకముందే నీళ్ళు, వంట, పశువుల పని, ఆపై కూలి పని చేయవలసిన స్త్రీకి ప్రత్యేక ధ్యాన సమయం దొరకడం కష్టం. ఇంటి పనిని కుటుంబ సభ్యులు పంచుకోకుండా ఆమె నుండి వేకువ ధ్యానాన్ని ఆశించడం న్యాయం కాదు. పనిలోనే ప్రార్థించడమన్నది మఠాల సంప్రదాయంలో కూడా ఆమోదించబడినదే.

విమర్శలు, జాగ్రత్తలు

అనుదిన ధ్యానానికి సంబంధించి క్రైస్తవ బోధకులే కొన్ని లోపాలను ఎత్తి చూపారు.

* యాంత్రికత: దినానికి ఇన్ని అధ్యాయాలని లెక్క పూర్తి చేయడమే లక్ష్యం కావడం. లెక్క తప్పిన దినాన అపరాధ భావంతో కుమిలిపోవడం కూడా దీనికి మరొక ముఖమే. ఇగ్నేషియస్ సైతం ఆరంభ దశలో అతిగా తప్పులెన్నుకొనే మనోవ్యాధితో బాధపడ్డాడు. ఆత్మపరిశీలన కృతజ్ఞతతో మొదలవ్వాలన్న ఆయన నియమం ఈ దృష్ట్యా గమనార్హం.
* సందర్భరహిత పఠనం: బైబిలును ఎక్కడో ఒకచోట తెరిచి, కంటపడిన వచనాన్ని ఆ దినపు సూచనగా భావించడం. నూతన సంవత్సర దినాన వాగ్దాన కార్డు తీసుకొనే ఆచారం తెలుగు క్రైస్తవులలో విస్తృతంగా ఉన్నది. దానిని ప్రోత్సాహంగా తీసుకొనడం వేరు, శకునంగా చూడడం వేరు. ముందు వెనుకల వచనాలతో కలిపి చదవడం దీనికి విరుగుడు.
* ఆచరణకు దూరం: ధ్యానం మనశ్శాంతికి మాత్రమే పరిమితమై, పొరుగువానిపట్ల బాధ్యతను మరపించడం. ప్రవక్తలైన ఆమోసు, యెషయా న్యాయం లేని ఆరాధనను తీవ్రంగా ఖండించారు. కుల వివక్షను అనుభవించిన సంఘాలలో, సంఘం లోపలే ఉపకుల భేదాలు కొనసాగినప్పుడు, ధ్యానం ఏమి మార్చినదన్న ప్రశ్న తప్పక వస్తుంది.
* వైద్యానికి ప్రత్యామ్నాయంగా భావించడం: శారీరక, మానసిక రోగాలకు చికిత్స మానివేసి ప్రార్థనపై మాత్రమే ఆధారపడడం హానికరం. ఈ ప్రాంతంలో ప్రార్థనను బోధించిన మిషనులే ఆసుపత్రులను కూడా నెలకొల్పాయన్న సంగతి మరువరాదు.

ఇతర సంప్రదాయాలతో పోలిక

నిత్యం నియమిత వేళలలో దైవస్మరణ చేయడం ఒక్క క్రైస్తవానికే చెందినది కాదు. హైందవంలో సంధ్యావందనం, నామస్మరణ, ఇస్లాంలో ఐదు పూటల నమాజు, బౌద్ధంలో శ్వాసపై నిలిపే ధ్యానం ఇటువంటివే. నేటి సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరిలో బయల్పడిన బౌద్ధ విహార శిథిలాలు ఈ మెట్ట ప్రాంతంలో ధ్యాన సంప్రదాయం రెండు వేల సంవత్సరాల నాటిదని తెలుపుతున్నాయి.

భేదాలు కూడా ఉన్నాయి. క్రైస్తవ ధ్యానం సాధారణంగా ఒక గ్రంథపాఠాన్ని ఆధారం చేసుకొంటుంది. మనసును ఖాళీ చేయడం కన్నా వాక్యంతో నింపడం, ఆ తరువాత దేవునితో సంభాషించడం దాని ఉద్దేశం. అయితే ఈ భేదం అన్నిచోట్ల ఒకే విధంగా ఉండదు. తూర్పు ఆర్థడాక్సు సంఘంలోని యేసు నామ ప్రార్థనలో ఒక చిన్న వాక్యాన్ని ఊపిరితో జతచేసి పునరుక్తం చేస్తారు. ఇది నామజపానికి చాలా దగ్గరగా ఉన్నది. జపమాల కూడా అట్టిదే.

ఇవి కూడా చూడండి

* బైబిల్
* ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు
* పురుషోత్తమ చౌదరి
* ముంగమూరి దేవదాసు
* బక్త్ సింగ్
* నల్గొండ జిల్లా
* మహబూబ్‌నగర్ జిల్లా